ఇంట్లో విండోస్ 10 కంప్యూటర్ ఉందా? 11కి మారాలో వద్దో ఇలా తేల్చుకోండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14న సపోర్ట్ ఆపేసింది. అప్పటినుంచి తిరుపతిలో ఏ కంప్యూటర్ షాపులో అడిగినా రెండు రకాల జవాబులు వస్తున్నాయి. "ఇంక అది పనికిరాదు, కొత్తది తీసుకోండి" అని ఒకరు, "ఏమీ కాదు, ఇంకో పదేళ్లు వాడుకోవచ్చు" అని ఇంకొకరు. ఈ రెండూ నమ్మొద్దు. కంప్యూటర్ రేపు కూడా మామూలుగానే ఆన్ అవుతుంది. ముఖ్యంగా ఆగిపోయింది ఇది: విండోస్‌లో కొత్తగా బయటపడే లోపాలను నెలనెలా ఉచితంగా సరిచేసే అప్‌డేట్లు.

అప్‌డేట్ లేకపోతే ఏమవుతుందో మన జిల్లా ఒకసారి చూసింది. 2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి, అప్పటి మన ఉమ్మడి చిత్తూరు జిల్లావి కూడా వాటిలో ఉన్నాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలో, మరమ్మతు ఇచ్చింది. ఆ మరమ్మతు చేరని యంత్రాలే దొరికిపోయాయి. ఇప్పుడు విండోస్ 10 వాడేవాళ్లకు అసలు మరమ్మతే రాకపోతే ఏమిటన్నది ఆలోచించాల్సిన విషయం. అలాగని ఈ రోజే పరుగెత్తి డబ్బు ఖర్చుపెట్టాల్సిన పనీ లేదు. వరుసగా కొన్ని సంగతులు చూసుకుంటే ఎవరినీ అడగకుండా మీరే తేల్చుకోవచ్చు.

1. ముందు ఒక కాగితం తీసుకోండి

ఆ కంప్యూటర్‌తో ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తున్నారో రాయండి. చాలామంది ఈ పని వదిలేసి నేరుగా ర్యామ్ ఎంత, ప్రాసెసర్ ఏది అని మొదలుపెడతారు. నా దృష్టిలో నిర్ణయం సగం ఈ కాగితం మీదే తేలిపోతుంది.

ఆ పనులను మూడు రకాలుగా విడదీయండి. డబ్బు, పాస్‌వర్డ్, ఆధార్, పాన్ తగిలే పని ఏదైనా ఉంటే దాని పక్కన ఎర్ర పెన్నుతో టిక్ పెట్టండి. నెట్ బ్యాంకింగ్, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్, జీఎస్టీ, శ్రీవారి దర్శనం టికెట్లకు కార్డుతో డబ్బు కట్టడం, పిల్లల కౌన్సెలింగ్ ఆప్షన్లు, ఇవన్నీ ఎరుపే. ఒక ప్రత్యేక సాఫ్ట్‌వేర్ గానీ పరికరం గానీ లేకపోతే ఆగిపోయే పనికి నీలం టిక్. దామలచెరువు మామిడి మండీ లెక్కలు టాలీలో రాసుకుంటున్నా, పెళ్లి పత్రికలు అను ఫాంట్లలో కొడుతున్నా, డిజిటల్ సంతకం కోసం పెన్‌డ్రైవ్ లాంటి డాంగిల్ వాడుతున్నా, నవంబర్‌లో నాన్నగారి పెన్షన్‌కు జీవన్ ప్రమాణ్ కోసం వేలిముద్ర పరికరం తగిలిస్తున్నా అది నీలం. మిగతావి, అంటే పాటలు, సినిమాలు, యూట్యూబ్, పాత ఫొటోలు చూసుకోవడం లాంటివాటికి టిక్ అక్కర్లేదు.

ఎరుపు ఒక్కటున్నా ఆ కంప్యూటర్‌ను అప్‌డేట్లు లేకుండా ఇంటర్నెట్‌లో ఉంచకూడదు. ఎరుపు ఒక్కటీ లేకపోతే తొందర లేదు. నీలం ఉంటే మాత్రం తొందరపడటమే ప్రమాదం. ఎందుకో మూడో మెట్టులో చెబుతాను.

2. మీ యంత్రం 11కి సరిపోతుందా

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో కింద అబౌట్ తెరవండి. ప్రాసెసర్ పేరు, ర్యామ్, సిస్టమ్ టైప్ మూడూ అక్కడే ఉంటాయి.

విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ పెట్టిన కనీస షరతులు ఇవి: 64 బిట్ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, సెక్యూర్ బూట్ అనే రక్షణ ఇవ్వగల యూఈఎఫ్‌ఐ, అంటే కొత్తతరం బయోస్. వీటన్నిటికన్నా ఎక్కువమందిని ఆపేది ప్రాసెసర్ తరం. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం నుంచి పైవాటినే ఒప్పుకుంటుంది, ఒకటి రెండు మినహాయింపులు తప్ప. పేరులోనే తరం దాగి ఉంటుంది. ఐ5-7200యూ అని ఉంటే ఏడో తరం, కుదరదు. ఐ5-8250యూ అయితే ఎనిమిది, కుదురుతుంది. ఐ3-10110యూ పదో తరం, ఐ5-1135జీ7 పదకొండో తరం. ఏఎండీ రైజెన్‌లో 2000 సిరీస్ నుంచి చాలావాటికి అనుమతి ఉంది కానీ అన్నిటికీ లేదు. సిరీస్ పేరు చూసి సరిపెట్టుకోకండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల పీసీ హెల్త్ చెక్ యాప్ ఉచితం. దాన్ని నడిపితే సరిపోతుందో లేదో, లేకపోతే ఏది అడ్డో చెప్పేస్తుంది.

హెల్త్ చెక్ "టీపీఎం లేదు" అన్నంత మాత్రాన నిరాశపడకండి. ఈ తప్పుడు నిరాశతోనే మంచి యంత్రాలను అమ్మేసుకుంటున్నారు. చిప్ సౌకర్యం ఉండీ బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఆఫ్ చేసి ఉండటం చాలా మామూలు, ముఖ్యంగా షాపులో అసెంబుల్ చేయించుకున్న డెస్క్‌టాప్‌లలో. ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ అనే పేరుతో, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో ఉంటుంది. ఆన్ చేసి, సేవ్ చేసి, మళ్లీ హెల్త్ చెక్ నడపండి.

ఇంకో చిక్కు ఉంది. స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరిస్తే బయోస్ మోడ్ అనే వరుస కనిపిస్తుంది. అక్కడ లెగసీ అని ఉంటే హార్డ్ డిస్క్ పాత పద్ధతిలో విభజించి ఉందని అర్థం. దాన్ని డేటా పోకుండా కొత్త పద్ధతికి మార్చే సాధనం విండోస్‌లోనే ఉంది. కానీ అది తెలిసినవాళ్లు, బ్యాకప్ అయ్యాకే చేయాల్సిన పని. బయోస్‌లో మోడ్ ఒక్కటే మార్చేసి వదిలేస్తే కంప్యూటర్ అసలు బూట్ కాదు. దయచేసి ప్రయోగం చేయకండి.

సిస్టమ్ టైప్ దగ్గర 32 బిట్ అని ఉందా? విండోస్ 11 లో 32 బిట్ వెర్షనే లేదు. ప్రాసెసర్ కొత్తదే అయినా పాతదాని మీదే అప్‌గ్రేడ్ చేయడం కుదరదు, మొత్తం తుడిచి కొత్తగా వేయాలి.

ఇక ర్యామ్, డిస్క్. 4 జీబీతో విండోస్ 11 ఎక్కుతుంది, కానీ బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు తెరిస్తే మీకు విసుగొస్తుంది. 8 జీబీ ఉంటేనే మారండి. తిరిగే హార్డ్ డిస్క్ ఉన్న యంత్రమైతే ముందు ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్, వేయించండి. "కంప్యూటర్ స్లో అయిపోయింది, 11 వేస్తే ఫాస్ట్ అవుతుందేమో" అని అడిగేవాళ్లు ఎక్కువ. అవ్వదు. ఆ స్లోతనం తగ్గాలంటే మార్చాల్సింది డిస్క్. విండోస్ 10లో ఉండిపోయినా సరే, ఎస్‌ఎస్‌డీ వేసిన రోజే తేడా తెలుస్తుంది. విడిభాగాల కోసం మనవాళ్లు చెన్నై రిచీ స్ట్రీట్‌కు వెళ్లడం అలవాటే గానీ, ఒక్క ఎస్‌ఎస్‌డీ కోసం అంతదూరం అక్కర్లేదు, ఇక్కడే దొరుకుతుంది. బిల్లు, వారంటీ కార్డు మాత్రం అడిగి తీసుకోండి.

3. నీలం టిక్కులు: ఇక్కడ నిదానంగా

అప్‌గ్రేడ్ అయ్యాక "అయ్యో" అనుకునేది ఎక్కువగా ఈ విషయంలోనే. విండోస్ బాగానే ఎక్కుతుంది, బతుకుదెరువు సాఫ్ట్‌వేర్ తెరుచుకోదు.

ఒక్కో నీలం టిక్కుకు ఒక్కో ప్రశ్న వేసుకోండి. ఈ వెర్షన్ విండోస్ 11 మీద నడుస్తుందని అమ్మినవాళ్లే చెప్పారా? టాలీ లైసెన్సు చాలా పాతదైతే డీలర్‌ను అడగండి. అను స్క్రిప్ట్ మేనేజర్, పాత పేజ్‌మేకర్ మీద ఆధారపడిన డీటీపీ వాళ్లయితే మీలాంటి పని చేసే ఇంకొకరి దగ్గర అదే వెర్షన్ 11 మీద నడుస్తుంటే కళ్లతో చూసి రండి. సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటే చాలదు. కీబోర్డ్ లేఔట్ సరిగా వస్తోందా, పాత ఫైలు తెరిస్తే ఒత్తులు చెదరకుండా ఉన్నాయా, ప్రింట్ తీస్తే అలాగే వస్తోందా, మూడూ చూడాలి. 16 బిట్ కాలం నాటి ప్రోగ్రాములు, అంటే విండోస్ 98 రోజుల్లో రాయించుకున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లాంటివి, 64 బిట్ విండోస్‌లో నడవవు. వాటి మీద మీ షాపు లెక్కలు ఉంటే ముందు ఆ లెక్కలు బయటికి తీసుకునే దారి చూసుకోండి.

ప్రింటర్, స్కానర్, వేలిముద్ర పరికరం, సంతకం డాంగిల్, ప్రతిదానికీ తయారీదారు సైట్‌లో విండోస్ 11 డ్రైవర్ (ఆ పరికరాన్ని విండోస్ నడపడానికి కావాల్సిన చిన్న ప్రోగ్రామ్) ఉందేమో చూసి, ఇప్పుడే దించి ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. అప్‌గ్రేడ్ అయ్యాక వెతకడం మొదలుపెడితే, వైఫై డ్రైవరే లేని రోజు ఇంటర్నెట్ కూడా ఉండదు.

యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో టైప్ చేసే తెలుగులోనే, పని చేసేవాళ్లకు ఇంత టెన్షన్ లేదు. విండోస్ 11లో తెలుగు చూపించడానికి నిర్మల ఫాంట్ ముందే ఉంటుంది. ఫొనెటిక్ కీబోర్డ్, ఇన్‌స్క్రిప్ట్ రెండూ లాంగ్వేజ్ సెట్టింగ్స్‌లో దొరుకుతాయి. ఒక చిన్న సంగతి: గౌతమి, వాణి ఫాంట్లు విడిగా తెచ్చుకోవాలి. ఎస్వీ యూనివర్సిటీలో తెలుగులో థీసిస్ రాస్తూ మొత్తం గౌతమిలో సర్దుకున్నవాళ్లు కొత్తగా విండోస్ వేశాక ఫైలు తెరిస్తే పేజీల లెక్క మారిపోయి కంగారుపడతారు. ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ అని వెతికి యాడ్ చేస్తే గౌతమి తిరిగొస్తుంది.

4. ఇప్పుడు తేల్చండి

యంత్రం సరిపోతోంది, ఎరుపు టిక్కులున్నాయి, నీలం టిక్కులన్నిటికీ జవాబు దొరికింది అంటే ఆలోచించకండి, మారండి. విండోస్ 10కి అసలైన లైసెన్సు ఉన్నవాళ్లకు 11 ఉచితం. ఎవరైనా "11 లైసెన్సుకు ఇంత అవుతుంది" అంటే ఎందుకని అడగండి.

యంత్రం సరిపోతోంది కానీ నీలం టిక్కు ఒకటి తేలలేదు. అప్పుడు ఆగండి, కానీ ఊరికే ఆగొద్దు. విండోస్ 10కి అదనపు భద్రతా అప్‌డేట్లు ఇచ్చే ఈఎస్‌యూ పథకంలో చేరండి. ఇంటి వాడకందార్ల కోసం ఇది 2026 అక్టోబర్ 13 వరకు అని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. విండోస్ 10లో చివరి వెర్షన్ 22హెచ్2 ఉండాలి, మైక్రోసాఫ్ట్ అకౌంట్ ఉండాలి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ అనే లింకు వస్తుంది. సెట్టింగ్స్ బ్యాకప్‌ను అకౌంట్‌కు సింక్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు. లేదా వెయ్యి మైక్రోసాఫ్ట్ రివార్డ్స్ పాయింట్లతోనో, 30 డాలర్లకు సమానమైన రుసుముతోనో చేరొచ్చు. ఇది భద్రతా మరమ్మతులకు మాత్రమే, కొత్త సౌకర్యాలేవీ రావు. గడువు తేదీ క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి.

యంత్రం సరిపోవడం లేదు, టిక్కులు ఎరుపు మాత్రమే, నీలం ఒక్కటీ లేదు. ఇలాంటి ఇళ్లు మనం అనుకునేదానికన్నా ఎక్కువ. పిల్లలు బయట ఊళ్లో ఉద్యోగాల్లో ఉంటే ఇంట్లో పెద్దవాళ్లు బ్రౌజర్ తప్ప ఇంకేమీ తెరవరు. వాళ్లకు విండోస్ బదులు వేసుకునే లినక్స్ మింట్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ హాయిగా సరిపోతుంది. మింట్ 22కి 2029 వరకు అప్‌డేట్లు ఉన్నాయి, డబ్బు కట్టక్కర్లేదు, ఆరేడేళ్ల కిందటి ల్యాప్‌టాప్‌లో కూడా చక్కగా నడుస్తుంది. అందులో నాకు బాగా నచ్చే గుణం ఏమిటంటే, ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడొచ్చు. వైఫై కలుస్తోందా, సౌండ్ వస్తోందా, తెలుగు సైట్లు సరిగా కనిపిస్తున్నాయా, ప్రింటర్ కదులుతోందా చూశాకే నిర్ణయించుకోండి. కానన్ ఎల్‌బీపీ 2900 లాంటి పాత లేజర్ ప్రింటర్ ఉంటే లినక్స్‌లో దాన్ని కదిలించడం శ్రమతో కూడిన పని, ముందే తెలుసుకుని దిగండి.

యంత్రం సరిపోవడం లేదు, ఎరుపూ నీలమూ రెండూ ఉన్నాయి. ఇక్కడే కొత్తది కొనాల్సింది. ఈఎస్‌యూలో చేరి ఆ గడువులోపు డబ్బు సమకూర్చుకోండి. కొత్తది వచ్చాక పాతదాన్ని ఇంటర్నెట్ తీసేసి ఆ పాత సాఫ్ట్‌వేర్ కోసమే ఉంచుకోవచ్చు.

షరతులు దాటవేసి సరిపోని యంత్రం మీద కూడా 11 వేసిస్తామని చెప్పేవాళ్లు ఉంటారు. సాంకేతికంగా అది నిజమే. కానీ అలా వేసిన యంత్రాలకు అప్‌డేట్లు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. అప్‌డేట్ల కోసమే కదా మనం మారుతున్నది! ఇంట్లో అందరూ ఆధారపడిన కంప్యూటర్ మీద అది వద్దు. క్రాక్ వేసిన విండోస్ అసలే వద్దు. యాక్టివేషన్ దాటించే ప్రోగ్రామ్ నడవాలంటే యాంటీవైరస్ ఆపమంటారు. ఆ ప్రోగ్రామ్ లోపల ఇంకేముందో వేసినతనికి కూడా తెలియదు. అలాంటి యంత్రంలో బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టడం కన్నా విండోస్ 10లో ఉండిపోవడమే నయం.

5. బ్యాకప్: ఈ మెట్టు దాటేస్తే మిగతావి చేయకండి

ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనండి, లేదా అడిగి తెచ్చుకోండి. డాక్యుమెంట్స్, పిక్చర్స్ అందరికీ గుర్తుంటాయి. మర్చిపోయేవి వేరే ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద పరిచిన ఫైళ్లు, డౌన్‌లోడ్స్‌లో పడి ఉన్న మార్కుల మెమోలు, టాలీ డేటా ఫోల్డర్, బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు, ఇంట్లో మిగతావాళ్ల యూజర్ అకౌంట్లలోని ఫైళ్లు. అను లాంటి ఫాంట్లు విండోస్ ఫోల్డర్ లోపల ఫాంట్స్‌లో ఉంటాయి. తుడిచి వేస్తే అవి పోతాయి, అవి లేకపోతే మీ పాత తెలుగు ఫైళ్లన్నీ అర్థంకాని ఇంగ్లీషు అక్షరాలుగా కనిపిస్తాయి. వాటినీ కాపీ చేయండి.

కాపీ అయ్యాక ఆ డిస్క్‌ను ఇంకో కంప్యూటర్‌కు తగిలించి నాలుగు ఫైళ్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను బ్యాకప్ అనుకోవద్దు. ఆ డిస్క్‌ను కంప్యూటర్ టేబుల్ సొరుగులో పెట్టకండి. 2021 నవంబర్ వానలకు తిరుపతిలో ఎన్ని కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చాయో మనకు తెలుసు. పై అంతస్తులోనో, చుట్టాల ఇంట్లోనో ఉంచితే నిశ్చింత.

ఒక సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. కొత్తగా వేసిన విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సైన్ ఇన్ అయితే చాలా కంప్యూటర్లలో డిస్క్‌కు దానంతటదే ఎన్‌క్రిప్షన్ పడుతుంది. దాని తాళంచెవి 48 అంకెల రికవరీ కీ. అది ఆ అకౌంట్‌లోనే దాచబడుతుంది. ఇంతవరకూ మంచిదే. కానీ షాపులో వేయించినప్పుడు పని తొందరగా అయిపోవడానికి వాళ్ల మెయిల్‌తోనే సైన్ ఇన్ చేసి ఇస్తే, మీ ఇంటి ఫొటోల తాళంచెవి వాళ్ల అకౌంట్‌లో ఉన్నట్టు. ఎప్పుడైనా బోర్డు మార్చినా, బయోస్ కదిలినా ఆ కీ అడుగుతుంది, అది లేకపోతే డేటా రాదు. అందుకని మీ మెయిల్‌తోనే, మీ ఫోన్‌కు ఓటీపీ వచ్చేలా సైన్ ఇన్ చేయించండి. తర్వాత ఆ కీ చూసి కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

6. ఏ రోజు, ఎలా

జీఎస్టీ వాళ్లు నెలలో 20వ తేదీ చుట్టుపక్కల వద్దు. దర్శనం కోటా వదిలే రోజు, కౌన్సెలింగ్ జరిగే వారం కూడా వద్దు. డెస్క్‌టాప్‌కు యూపీఎస్ లేకపోతే మబ్బు పట్టిన సాయంత్రం మొదలుపెట్టకండి. ఇన్‌స్టాల్ మధ్యలో కరెంటు పోవడం అన్నిటికన్నా చెడ్డది. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టే ఉంచండి. ఆదివారం పొద్దున్నే మొదలుపెట్టడం మేలు.

సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీ తెరిస్తే, యంత్రం సరిపోయేదైతే, అక్కడే విండోస్ 11 సిద్ధంగా కనిపిస్తుంది. అది కనిపించకపోతే మైక్రోసాఫ్ట్ సైట్‌లోని ఇన్‌స్టలేషన్ అసిస్టెంట్ వాడండి. వాట్సాప్‌లో వచ్చిన లింకు, ఎవరో ఇచ్చిన డీవీడీ వద్దు. సి డ్రైవ్‌లో ఖాళీ బాగా ఉండాలి. ప్రింటర్, పెన్‌డ్రైవ్‌లు తీసేయండి. ఇక జరగనివ్వండి. మధ్యలో చాలాసార్లు రీస్టార్ట్ అవుతుంది, శాతం ఒకేచోట నిలిచిపోయినట్టు కనిపిస్తుంది. పవర్ బటన్ ముట్టుకోవద్దు.

ఈ గందరగోళంలో "మీ విండోస్ పాడైంది, ఈ నంబర్‌కు ఫోన్ చేయండి" అని తెర మీద వస్తే అది మోసమే. మైక్రోసాఫ్ట్ ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఉండదు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ మాట ముందే చెప్పండి. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలని కూడా చెప్పండి.

7. మొదటి పది రోజులు

అప్‌గ్రేడ్ నచ్చకపోతే పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే వీలు పది రోజులే ఉంటుంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీ, గో బ్యాక్. అందుకని సి డ్రైవ్‌లో విండోస్ డాట్ ఓల్డ్ అనే పెద్ద ఫోల్డర్ కనిపిస్తే చోటు కోసమని తుడిచేయకండి, వెనక్కి వెళ్లేది దాని ద్వారానే.

ఆ పది రోజుల్లో మీ కాగితం మళ్లీ బయటికి తీయండి. ప్రతి టిక్కు పనినీ ఒకసారైనా నిజంగా చేయండి. టాలీలో ఒక వోచర్ వేసి ప్రింట్ తీయండి, డాంగిల్‌తో లాగిన్ అవ్వండి, వేలిముద్ర పరికరం వెలుగుతోందా చూడండి, పాత తెలుగు ఫైలు తెరవండి. స్టార్ట్ బటన్ మధ్యలోకి వచ్చిందని పెద్దవాళ్లు ఇబ్బంది పడితే టాస్క్‌బార్ సెట్టింగ్స్‌లో అలైన్‌మెంట్ లెఫ్ట్ అని పెట్టండి, పాత చోటుకే వస్తుంది. నీలం టిక్కుల్లో ఒక్కటి కుదరకపోయినా, అమ్మినవాళ్ల దగ్గర జవాబు ఎనిమిదో రోజుకు కూడా రాకపోతే, పదో రోజు దాకా ఆగకుండా వెనక్కి వెళ్లి ఈఎస్‌యూలో చేరండి.